సంక్రాంతి ఆటల కబురు ఇప్పుడే చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

నేను కోనసీమలో, రాజోలుకు దగ్గర్లోని ఒక ఊళ్లో మండల పరిషత్ బడి టీచర్ని. నా వయసు 43. మీ పేపరు మా ఇంటికి పదహారేళ్లుగా వస్తోంది గానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కార్తీకం వచ్చేసింది, పండక్కి ఇంక పన్నెండు వారాలే. ఊరూరా భోగికీ కనుమకీ ఆటల పోటీలు పెట్టే పెద్దలకీ కుర్రాళ్లకీ మీ పేపరు ద్వారా ఒక మాట చెప్పాలి. పోటీల తేదీ ఈ వారంలోనే చెప్పేయండి. పండగ వారం ఉందనగా మైకులో చెప్పకండి. ఇంత పట్టుబట్టి ఎందుకు అడుగుతున్నానో నా కాలికి జరిగిందీ, నా తోటి టీచరు కాలికి జరిగిందీ చెబితే మీకే తెలుస్తుంది.

హైస్కూల్లో నేను ఖోఖో ఆడేదాన్ని. మా బడి గోదావరి గట్టుకి దగ్గర. గ్రౌండు నిండా ఇసుక కలిసిన మెత్తటి మన్ను, పడినా మోకాలు గీరుకునేది కాదు. పోల్ దగ్గర తిరిగేటప్పుడు నన్ను పట్టుకోవడం కష్టమనేవారు మా పీఈటీ మాస్టారు. జిల్లా పోటీల దాకా వెళ్లాను. తర్వాత ట్రైనింగు, డీఎస్సీ, పెళ్లి, ఇద్దరు పిల్లలు. పిల్లల్ని ఆడించడానికి విజిల్ ఊదానేమో గానీ ఇరవై మూడేళ్లపాటు నేను పరుగెత్తింది లేదు.

2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. 13న మొదలైంది, మనకి సరిగ్గా భోగి. పిండివంటలు చేసుకుంటూనే టీవీ చూశాను. మన ఆడపిల్లలూ మన అబ్బాయిలూ కూడా ఫైనల్లో నేపాల్ మీద గెలిచారు. చిన్నప్పుడు 'అదేం ఆటమ్మా' అని తీసిపారేసిన ఆటకి కప్పు ఇస్తుంటే కళ్లనీళ్లు ఆగలేదు. ఆ రాత్రే మళ్లీ ఆడాలనిపించింది.

ఫిబ్రవరి 26న, శివరాత్రి నాడు, మా వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. మార్చి 8 మహిళా దినోత్సవానికి మహిళా ఉద్యోగులకి ఖోఖో, త్రోబాల్, పరుగు పందెం అట, పేర్లు ఇమ్మన్నారు. అందరికంటే ముందు నా పేరే ఇచ్చాను. చేతిలో పది రోజులున్నాయి.

ఆ పది రోజులూ సాయంత్రం బడి వదిలాక మా బడి ముందున్న సిమెంటు జాగాలోనే ప్రాక్టీసు చేశాం. కాళ్లకి మా అమ్మాయి పాత కాన్వాసు బూట్లు. మొదటి రోజు రెండు చుట్లకే ఆయాసం వచ్చేసింది. నాలుగో రోజుకి ఊపిరి కుదురుకుంది, ఒళ్లు తేలికైంది, పాత ఆట తిరిగొచ్చేసిందనుకున్నాను. ఆ తేలికే నన్ను మోసం చేసింది. ఆరో రోజు పొద్దున్న మంచం దిగి కాలు మోపగానే ఎడమ మడమ వెనక, ఎముకకి రెండు మూడు వేళ్ల పైన, నరం బిగుసుకుపోయినట్టు అనిపించింది. గోడ పట్టుకుని నడిచాను. వాకిట్లోకి వెళ్లేసరికి సర్దుకుంది. అత్తయ్యగారు చింతాకు ఉడకబెట్టి కాపడం పెట్టారు. హాయిగా ఉంది. సాయంత్రం మళ్లీ ఆడాను.

పోటీ రోజున నా కాలు ఎలాగో నిలబడింది. నిలబడనిది నా తోటి టీచరు కాలు. ఆవిడకి 38 ఏళ్లు, నన్ను అక్కా అని పిలుస్తుంది. త్రోబాల్లో బంతి కోసం వెనక్కి రెండడుగులు వేసి ముందుకి దూకబోయింది. టప్‌మని చప్పుడు. పక్క కోర్టులో ఉన్న నాకూ వినిపించింది. ఆవిడ పడిపోకుండా వెనక్కి తిరిగి, "ఎవరే నన్ను కర్రతో కొట్టిందీ?" అని అరిచింది. వెనక ఎవరూ లేరు. ఆ తర్వాత కూలబడింది.

అక్కడున్న వాళ్లందరం కలిసి ఆవిడకి చేసిన అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు పాడైపోతుంది. బెణికిందన్నాం, నూనె రాసి రుద్దాం, గుడ్డ కట్టాం. పాదం కదపమంటే కొంచెం కదిపింది, పట్టుకుంటే కుంటుకుంటూ నడిచింది, దాంతో ఏమీ తెగలేదని ధైర్యం చెప్పాం. తర్వాత ఒకచోట కట్టు కట్టారు, ఇంకోచోట ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందని పంపేశారు. ఎముక బాగానే ఉంది, నిజమే. తెగింది పిక్క కండని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు. దాన్నే డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు. మామూలు ఎక్స్‌రేలో అది తెగినట్టు కనబడదు. అది పూర్తిగా తెగినా పక్కనున్న చిన్న కండలు పాదాన్ని కాస్త కదిలిస్తాయి, అందుకే అందరం మోసపోయాం. ఇరవై రెండు రోజుల తర్వాత కాకినాడలో ఒక పెద్ద డాక్టరు చూసిన నిమిషంలో చెప్పేశారు. ఆలస్యం కావడం వల్ల తెగిన కొసలు ఎడంగా జరిగిపోయి ఆపరేషన్ కష్టమైంది.

ఆయన చేసిన పరీక్ష నేను దగ్గరుండి చూశాను. అది ప్రతి ఊళ్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. మనిషిని బోర్లా పడుకోబెట్టి పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా ఉంచారు. బాగున్న కాలి పిక్కని చేత్తో గట్టిగా నొక్కారు. నొక్కగానే, మునివేళ్ల మీద నిలబడ్డప్పటిలా, పాదం దానంతటదే వంగింది. రెండో కాలి పిక్క నొక్కారు. పాదం కదల్లేదు, అలాగే వేలాడుతూ ఉంది. అంతే పరీక్ష. మిషను లేదు, ఖర్చు లేదు. గ్రౌండులోనే చేసి ఉంటే ఆవిడ ఆ రాత్రికే కాకినాడలో ఉండేది.

ఇక నా కాలు. పోటీ అయ్యాక నొప్పి తగ్గకపోగా పెరిగింది. టౌన్లో ఒక ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి, మడమ ఎముక పెరిగిందన్నారు, మడమ వెనక ఒక ఇంజక్షన్ చేశారు. రెండు వారాలు స్వర్గంలా ఉంది. మూడో వారం నుంచి ముందుకంటే ఎక్కువైంది. అది స్టెరాయిడ్ ఇంజక్షన్ అనీ, ఆ తాడు పక్కన అది పడితే తాడు బలహీనపడి తెగిపోవచ్చనీ తర్వాత తెలిసింది. పెరిగిన ఎముక నొప్పి లేనివాళ్లలో కూడా ఎంతోమందికి ఉంటుందట. నా నొప్పికి కారణం అది కానే కాదు.

ఏప్రిల్లో అమలాపురంలో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరికి వెళ్లాను. కాలు ముట్టుకునే ముందు ఆ అమ్మాయి ప్రశ్నలడిగింది. ఎన్నేళ్లు ఆడలేదు, ఎన్ని రోజులు ప్రాక్టీసు చేశారు, ఏ నేల మీద, ఏ బూట్లతో, షుగర్ ఉందా? ఆ తర్వాత నేను ఊహించని ప్రశ్న వేసింది. "ఈ మధ్య విరేచనాలకో, మూత్రంలో మంటకో మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకున్నారా, టీచర్ గారూ?"

నేను వేసుకోలేదు. ఎందుకడిగావమ్మా అంటే చెప్పింది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటి మందులు కొందరిలో ఈ తాళ్లని దెబ్బతీస్తాయి. వేసుకున్న కొద్ది రోజులకే కావచ్చు, కొన్ని నెలల తర్వాతైనా కావచ్చు. 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ వాటి మీద అన్నిటికంటే గట్టి హెచ్చరిక వేయించిందట. అరవై దాటినవాళ్లూ, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లూ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన వైపు కడుపు పాడైతే చీటీ లేకుండా నాలుగు మాత్రలు తెచ్చుకుని మింగేయడం అలవాటు. మింగి మర్నాడు ఆటకి దిగేవాళ్లుంటారని చెబుతున్నాను. డాక్టరు రాసిన మందు సొంతంగా మానేయమని మాత్రం అనడం లేదు, ఆటకి ముందు ఆ సంగతి ఆయన్నే అడగండి.

ఆ అమ్మాయి చెప్పిన అసలు విషయం ఇంకోటుంది. "మీ ఊపిరికి నాలుగు రోజులు చాలాయండి. కండలకి కొన్ని వారాలు కావాలి. ఈ తాడుకి నెలలు పడుతుంది. దీనికి రక్తం తక్కువ అందుతుంది, ముఖ్యంగా మీకు నొప్పి ఉన్న ఈ చోట. మీకు ఆయాసం తగ్గింది కదా అని మీరు జోరు పెంచారు. తాడు ఇంకా మొదటి రోజు దగ్గరే ఉంది."

ఇది వినగానే నాకు మా కొబ్బరితోటలో దింపు తీసే పెద్దాయన గుర్తొచ్చారు. ఒకసారి నెలన్నర జబ్బుపడి లేచారు. మొదటి వారం పొట్టి చెట్లే ఎక్కారు, అవీ రోజుకి పది దాటలేదు. పొడుగు చెట్ల కాయలు ఎండి రాలుతున్నాయని మా ఆయన తొందరపెడితే, "కాళ్లకి మళ్లీ అలవాటు చెయ్యాలండి, లేపోతే పై నుంచి దింపేస్తాయండి" అన్నారు. ఆయన ఏ పుస్తకం చదవలేదు. చదువుకున్న మేమంతా పదిరోజుల ప్రాక్టీసుతో గ్రౌండులోకి దిగాం.

నాకిచ్చిన వైద్యం మా డాబా మెట్ల మీదే జరిగింది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడాలి. రెండు కాళ్లతో పైకి లేచి, బరువంతా నొప్పి కాలి మీద వేసి, మడమని మెల్లగా మెట్టు కంటే కిందకి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనుసార్లు చొప్పున మూడు విడతలు, మోకాలు కొంచెం వంచి ఇంకో మూడు విడతలు. పొద్దున్నా సాయంత్రం కలిపి రోజుకి 180 సార్లు. ఇలా 12 వారాలు. స్వీడన్‌లో హాకన్ ఆల్ఫ్రెడ్సన్ అనే ఎముకల డాక్టరు 1998లో ఈ పద్ధతి ప్రచురించారు. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న పదిహేనుమందికి చేయిస్తే 12 వారాల తర్వాత పదిహేనుమందీ మళ్లీ పరుగెత్తారట. ఒక జాగ్రత్త చెప్పింది ఆ అమ్మాయి. నొప్పి సరిగ్గా ఎముక మీదే ఉంటే మడమని మెట్టు కిందకి దించకూడదు, నేల మట్టం దగ్గరే ఆపాలి. అందుకని చూపించుకోకుండా, నా ఉత్తరం చదివి మొదలుపెట్టకండి.

చేసేటప్పుడు నొప్పి ఉంటుంది. ఓర్చుకోగలిగినంత ఉంటే ఫర్వాలేదట. తగ్గుతోందో లేదో చూసుకోవడానికి మర్నాటి పొద్దున్నే కొలత. మంచం దిగినప్పటి నుంచి బిగుతు వదిలేదాకా ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టుకుని గోడ క్యాలెండర్ మీద తిథి పక్కన రాసేదాన్ని. ఏప్రిల్లో 31 అడుగులు, అంటే మా తులసికోట దాటి పంపు దాకా. మే ఎండల్లో కాలువలు కట్టేసిన రోజుల్లో 20. మధ్యలో ఒక పెళ్లికి వెళ్లి రోజంతా పల్చటి చెప్పులతో నిలబడ్డాను, మర్నాడు మళ్లీ 34. ఆ రోజు చాలా ఏడ్చాను. జూన్లో బడులు తెరిచేసరికి 12. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాటికి 2. వినాయకచవితి తర్వాత రాయడం మానేశాను, రాయడానికి ఏమీ లేక.

నాలాంటి నొప్పే అందరికీ రాదు. మా మరిదికి అరికాలు, మడమ అడుగున లోపలి వైపు, పొద్దున్న మొదటి అడుగుకి మేకు దిగినట్టుంటుంది. అదీ ఇలాగే, ఏళ్ల తరవాత షటిల్ మొదలుపెట్టాక వచ్చింది. మా అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ పేరు ప్రపంచమంతా మోగాక మా వైపు షటిల్ రాకెట్టు పట్టుకోని ఇల్లు లేదు, అది మాకెంతో గర్వం. అరికాలి నొప్పి చాలామందికి పిక్కనీ అరికాలినీ సాగదీసే వ్యాయామాలతో తగ్గుతుంది గానీ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. ఇంకొందరికి పాదం పైన ఒకేచోట, వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి వస్తుంది, ఆడేకొద్దీ పెరుగుతుంది. అది ఎముకలో సన్నటి చీలిక కావచ్చు, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. మన సింధుకి 2022 కామన్వెల్త్ ఆటల్లో ఎడమకాలికి ఇలాంటి చీలికే వచ్చింది. బంగారు పతకం తెచ్చి, ఆ తర్వాత నెలల తరబడి ఆగి, 2023 జనవరిలో మళ్లీ కోర్టులోకి దిగింది. బౌలర్ షమీ 2023 నవంబరు ప్రపంచ కప్ ఫైనల్ తర్వాత మడమ వెనక తాడుకి ఆపరేషన్ చేయించుకుని, రంజీ మ్యాచ్ ఆడేసరికి మళ్లీ నవంబరు వచ్చింది. పక్కనే డాక్టర్లూ ఫిజియోలూ ఉన్నవాళ్లకే అంత కాలం పట్టింది. హైదరాబాదు నుంచి భోగి ముందురోజు రాత్రి బస్సు దిగి, పొద్దున్నే వాలీబాల్ కోర్టులోకి దిగే మన తమ్ముళ్ల కాళ్ల సంగతి ఆలోచించండి. ఏడాదంతా కుర్చీలో కూర్చున్న కాళ్లవి.

మన నేల సంగతి కూడా చెప్పాలి. కోత కోసిన చేలో కబడ్డీకీ క్రికెట్‌కీ బరి గీస్తారు. మన డెల్టా మన్ను బంకమన్ను, ఆరితే నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలో మడమ ఇరుక్కుంటే, వరి దుబ్బు మీద కాలు పడితే చీలమండ మడత పడక తప్పదు. ముందు రోజు ట్రాక్టరుతో చదును చేయించి, నీళ్లు చల్లి, దొర్లించడానికి పెద్ద ఖర్చు కాదు. ప్రైజుల్లో ఒకటి తగ్గించైనా చేయించండి. కాలువ గట్టు మీద పరుగెత్తేవాళ్లు కూడా వాలుగా ఉన్న అంచు వదిలి నడిమధ్యన పరుగెత్తాలి.

చీలమండ మడత పడితే అందరూ రుద్దేస్తారు. రుద్దకండి. ఎక్స్‌రే అవసరమా కాదా అని చూడ్డానికి కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక పద్ధతి చెప్పారు. దెబ్బ తగిలిన మనిషి కుంటుతూనైనా నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ దగ్గర రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు మీదో కొన మీదో నొక్కితే నొప్పి అన్నా ఎక్స్‌రే తీయించాలి. పాదం బయటి అంచున మధ్యలో పొడుచుకొచ్చిన ఎముక మీద నొప్పి ఉన్నా అంతే. ఐసు మనకి కొరత కాదు, రొయ్యల బళ్ల కోసం ఊరూరా దొరుకుతుంది. గుడ్డలో చుట్టి పావుగంట పెడితే నొప్పికి ఉపశమనం. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణుకుతుంది కాబట్టి వాపు తగ్గాక ఒంటికాలి మీద నిలబడ్డం నేర్పాలి. నేను రోజూ పళ్లు తోముకుంటూ నిలబడతాను, పళ్లు తోమినంతసేపూ.

షుగర్ ఉన్నవాళ్లు పాదాలు తిమ్మిరిగా ఉంటే డాక్టరుకి చూపించుకోకుండా దిగొద్దు. వాళ్లకి దెబ్బ తగిలినా తెలియదు.

సంపాదకుల వారూ, మీ జిల్లా పేజీల్లో పోటీల వార్త వేసేటప్పుడు మొదటి బహుమతి ఎంత, రెండో బహుమతి ఎంత అని వేస్తారు. ఈసారి ఆ వార్త కార్తీకంలోనే వేయండి. దాని పక్కన చిన్న గడి కట్టి, ఏళ్ల తరబడి ఆడనివాళ్లు ఈ వారం నుంచే మొదలుపెట్టమని రాయండి. మొదట రోజు విడిచి రోజు అరగంట గట్టి నడక, రెండు మూడు వారాలయ్యాక నడక మధ్యలో నిమిషం నిమిషం పరుగు, వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ, గెంతడం, గిరుక్కున తిరగడం అన్నిటికంటే చివర. మర్నాడు పొద్దున్న బిగుతు ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి. ఇంతే రాయండి. పది రోజుల్లో ఇదేదీ కుదరదు. పన్నెండు వారాల్లో హాయిగా కుదురుతుంది. మహిళా దినోత్సవానికైనా, ఉపాధ్యాయ దినోత్సవానికైనా ఉద్యోగుల పోటీలు పెట్టే అధికారులకీ ఇదే నా విన్నపం. ఏ తేదీన వస్తాయో ఏడాది ముందే తెలిసిన రోజులవి.

నా తోటి టీచరు ఇప్పుడు కుంటకుండా నడుస్తోంది. ఒంటికాలి మీద మడమ పైకెత్తడం ఇంకా రాలేదు, వచ్చేదాకా పరుగు లేదని డాక్టరు చెప్పారు. మొన్న ఆదివారం ఇద్దరం కలిసి మా ఊరి కుర్రాళ్ల సంఘం దగ్గరికి వెళ్లి, భోగి ఆటల తేదీ, ఏ ఏ ఆటలో అడిగాం. ఆడవాళ్ల ఖోఖో పెట్టమని కూడా అడిగాం. ఇప్పటి నుంచే ఎందుకు టీచర్ గారూ అన్నారు. పక్కనే అరుగు ఉంటే ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి, మడమ వెనక కుట్లు చూపించింది. ఒక అబ్బాయి అప్పటికప్పుడు సుద్దముక్క తెచ్చి రామాలయం గోడ పక్కనున్న బోర్డు మీద తేదీ రాసేశాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ఉపాధ్యాయిని,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా